మత్స్యకన్య నాలుకను కోసిన దెవరు?

పెండ్లిచూపుల వేళ పిల్లను మెచ్చుకొనుటకు మనవారు వాడు మాట యొకటి కలదు: "నోటిలో నాలుక లేని పిల్ల." వాడుక వలన ఈ మాట మనకు వట్టి అలంకారముగా తోచును. ఐరోపా ఖండమున నొక గొప్ప కథకుడు దీనిని అక్షరాల జరిగినట్లు వ్రాసి యుంచెను. డెన్మార్కు దేశీయుడగు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో ప్రకటించిన "చిన్న మత్స్యకన్య" యను కథలో సముద్రరాజు కూతురు మానవరూపము పొందుటకై తన నాలుకను మంత్రగత్తెకు కోసి యిచ్చును.

ఈ కథ బొమ్మల పుస్తకముల మూలమునను, చలనచిత్రముల మూలమునను దేశదేశములకు వ్యాపించి, మన యిండ్లలోని పిల్లలకు సయితము పరిచితమైనది. పిల్లలు దీనిని వినుటయందు మాకు విచారము లేదు. వినిపించు పెద్దలు కథ చివర తగిలించు నీతితోనే మాకు పోరు. "చూచితివా తల్లీ! ఆ కన్య నాలుక నిచ్చినది, కత్తులపై నడచినట్టి బాధ నోర్చినది, ఒక్క మాట యనక ప్రియుని మేలు కొఱకు ప్రాణము విడిచినది, స్త్రీ ప్రేమ యన నిట్టిదే" అని యాడుబిడ్డలకు బోధించుట సత్కార్యమని తలచువారు విద్యావంతులలోను గలరు. ఈ బోధ కథను తప్పుగా చదువుట వలన పుట్టినదనియు, కథ వ్రాసినవాని యుద్దేశమునకే ఇది విరుద్ధమనియు, ఐరోపా తీరవాసులు చెప్పుకొనుచు వచ్చిన జలస్త్రీల కథలు దీనికి ప్రతికూలమైన సాక్ష్యము నిచ్చుచున్నవనియు మేము నిరూపింప దలచితిమి.

మొదట ఈ స్త్రీలపై మోపబడిన నేర మేమో విచారింతము. పాటపాడి నావికులను నశింపజేయు స్త్రీలను గ్రీకు మహాకవి హోమరు ఒడిస్సీ కావ్యముయొక్క పండ్రెండవ సర్గమున వర్ణించెను. వీరికి సైరెనులని పేరు. వీరికి చేపతోక యున్నట్లు హోమరు చెప్పలేదు. ప్రాచీన గ్రీకు కుండలపై వ్రాయబడిన చిత్రములలో వీరు పక్షిదేహమును స్త్రీముఖమును గలవారు. వీరు ఒడిస్సియసును పిలిచిన పిలుపు మిక్కిలి గమనింపదగినది. మా సౌందర్యమును చూడ రమ్మని వీరనలేదు. ట్రాయి యుద్ధమున జరిగినదంతయు, భూమిపై జరుగున దంతయు తమకు తెలియుననియు, తమ పాట విన్నవాడు అధిక జ్ఞానవంతుడై మరలుననియు చెప్పిరి. ఒడిస్సియసు తన నావికుల చెవులను మైనముతో మూసి, తాను ఓడకొయ్యకు కట్టబడి, ఆ పాట విని దాటిపోయెను.

కాలక్రమమున ఈ పక్షిస్త్రీలకు రెక్కలు పోయి చేపతోక వచ్చినది. ఏడవ, యెనిమిదవ శతాబ్దుల నాటిదని పండితులు తలచు "లీబెర్ మోన్‌స్ట్రోరుమ్" అను లాటిను గ్రంథమున సైరెనులు నడుము వరకు కన్యలు, క్రింద చేపలు. ఆ పిమ్మట మధ్యయుగపు చర్చిలలో చెక్కబడిన మత్స్యకన్యల చేతికి అద్దమును దువ్వెనయు నీయబడినవి. ఈ రెండును గర్వమునకును కామమునకును గుర్తులు. జ్ఞానము చెప్పెదమని పిలిచిన గొంతు పోయి, అద్దము చూచుకొను అందగత్తె మిగిలినది. మనస్సు చలించినవాడు పురుషుడు. నేరస్థురాలుగా చెక్కబడినది స్త్రీ.

ఇంగ్లండు నైరృతి కొసను కార్న్‌వాల్ ప్రాంతములోని జెన్నోర్ గ్రామపు చర్చిలో ఇట్టి మత్స్యకన్యను చెక్కిన ప్రాచీనపు బల్లపలక నేటికిని కలదు. ఆ యూరి కథను విలియం బాట్రెల్ అను సంగ్రహకర్త 1873లో అచ్చు వేయించెను. ఆ చర్చిలో మధురముగా పాడు యువకుని పాట వినుటకై యొక తెలియని స్త్రీ వచ్చుచుండెననియు, తుదకు ఆ యువకుడు ఆమె వెంట పోయి మరల రాలేదనియు ఆ కథ. ఇందు పాడినవాడు పురుషుడు; విన వచ్చినది స్త్రీ. అయినను అతనిని వలలో వేసికొన్న దామెయే యని లోకము చెప్పుకొనుచున్నది! పాడినను ఆమెదే నేరము, విన్నను ఆమెదే నేరము. ఇట్టి న్యాయస్థానమున నిలిచిన స్త్రీకి దిక్కేమి?

పండితుల గ్రంథములను, చర్చి శిల్పములను విడిచి, చేపలు పట్టి జీవించు బీదజనుల కథలను వినినచో వేఱొక సంగతి బయటపడును. స్కాట్లండునకు ఉత్తరముననున్న ఆర్క్నీ, షెట్లండు ద్వీపములలోను, డెన్మార్కు రాజ్యమునకు చేరిన ఫారో ద్వీపములలోను సీలుస్త్రీల కథలు పెక్కులు కలవు. సీలు అనునది ఆ శీతల సముద్రములలో నివసించు జంతువు. కొన్ని సీళ్లు తమ చర్మములను విడిచి తీరమున మానవరూపమున నాట్యమాడునట. ఒకడు పొంచియుండి ఒక స్త్రీ విడిచిన చర్మమును దొంగిలించును. అది లేనిదే యామె సముద్రమునకు పోజాలదు. ఏడ్చుచు అతని వెంట ఇంటికి పోవును, బిడ్డలను కనును. అతడు ఆ చర్మమును పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపుచెవిని తనయొద్దనే యుంచుకొనును. ఒకనాడు దానిని ఇంట మఱచి చేపల వేటకు పోవును. ఆమె పెట్టె తెఱచి, చర్మము ధరించి, సముద్రములోనికి పోవును. ఐర్లండున చర్మమునకు బదులు ఎఱ్ఱని టోపీ. క్రోఫ్టన్ క్రోకరు పందొమ్మిదవ శతాబ్దపు పూర్వభాగమున ప్రకటించిన ఐరిష్ కథలలో నిట్టిదొకటి కలదు. పేరులు వేఱు, తీరములు వేఱు, కథ యొక్కటియే. దొంగతనముతో మొదలైన పెండ్లి తాళముతో నిలిచి, తాళపుచెవి దొరకిననాడు ముగిసినది. ఇందు వల పన్నిన దెవరు? వలలో పడిన దెవరు?

"బిడ్డలను విడిచి పోయినదే! తల్లి యనదగునా?" అని యాక్షేపించువారు కలరు. వారు ఫారో ద్వీపములలోని మికలదాలూర్ గ్రామపు కథను వినవలెను. భర్త పరుగున ఇంటికి వచ్చి చూచునప్పటికి బిడ్డలు ఒంటరిగా కూర్చుండిరి; పొయ్యిలో నిప్పు ఆర్పబడి యుండెను; కత్తులు మొదలగు పదునైన వస్తువులు బిడ్డల చేతికి చిక్కకుండ దాచబడి యుండెను. ఎన్నియో యేండ్ల చెఱనుండి విడుదల దొరకిన క్షణమున సయితము ఆమె పొయ్యిని ఆర్పి, కత్తులను దాచి పోయినది. ఆమెకు మాతృహృదయము లేదనువారు ఈ పొయ్యిదగ్గర నొక్క నిమిషము నిలిచి మాటాడవలెను. ఆ గ్రామపు తీరమున 2014లో ఈ సీలుస్త్రీకి విగ్రహమును నిలిపిరి.

స్కాట్లండులో పెండ్లితోడనే భార్యయొక్క చరాస్తి భర్త వశమగు న్యాయము చిరకాలము అమలులో నుండెను. 1881లో వచ్చిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టము ఆ తరువాతి వివాహముల విషయమున ఆ హక్కును తొలగించినది. కథ చట్టము నుండి పుట్టినదని మేమనము. అయినను భార్య సొత్తు భర్త పెట్టెలో నుండుట న్యాయమని చట్టము పలుకుచుండిన దినములలోనే, తాళపుచెవి దొరకినచో ఆమె నిలువదని కథ హెచ్చరించుచుండెను. చదువురాని జాలరి యెఱిగిన సత్యమును శాసనకర్తలు 1881 వరకు ఎఱుగకుండిరి.

ఫ్రాన్సు దేశపు మెల్యుసీన్ కథ ఇంకను ఉదాత్తమైనది. జాఁ దారాస్ అను రచయిత బెర్రీ ప్రభువు కొఱకు 1393 ప్రాంతమున దీనిని గ్రంథస్థము చేసెను. మెల్యుసీన్ రేమండిన్ అను యువకుని వరించుచు ఒక్క నియమమును పెట్టినది: శనివారమునాడు తన్ను చూడరాదు. ఆనాడామె నడుము దిగువ సర్పరూపము దాల్చును. ఆమె కోటలు కట్టించినది, సంపదలు కూర్చినది, పదుగురు కుమారులను కన్నది; లూసిన్యాన్ ప్రభువంశమునకు ఆమెయే మూలమని కథ. సోదరుని చెప్పుడుమాటలు విని రేమండిన్ తలుపునకు రంధ్రము చేసి స్నానమాడు భార్యను చూచెను. ఆమె యెఱిగియు నెఱుగనట్లే యుండెను. పిమ్మట కుమారులలో నొకడు మఠమును తగులబెట్టిన వార్త వచ్చినప్పుడు, అతడు నలుగురి యెదుట ఆమెను సర్పమని దూషించి, కొడుకు చేసిన పాపమును ఆమె పుట్టుకపై మోపెను. అప్పుడామె ఆ యింట నిలువలేదు. పసిబిడ్డలకు పాలిచ్చుటకు మాత్రము రాత్రులందు వచ్చుచుండెనట.

చాటున చూచిన తప్పును ఆమె క్షమించినదనియు, నలుగురిలో చేసిన యవమానమును క్షమింపలేదనియు చదువరులు గమనింతురు గాక. ఈ కథాసరళి మన వారికి క్రొత్త కాదు. గంగ శంతనునితో చేసికొన్న నియమమును, అతడు దానిని మీఱిననాడు ఆమె విడిచిపోవుటను నన్నయభట్టారకుని ఆదిపర్వమున చదివినవారమే. మాట పుచ్చుకొని గృహిణి యైనది జలస్త్రీ. మాట తప్పినవాడు పురుషుడు. ఇంతవఱకు రెండు దేశముల కథలకును భేదము లేదు. అయినను గంగను మనము మాయలాడి యనలేదు. నేటికిని నదీరూపమున పూజించుచున్నాము. గంగకిచ్చిన గౌరవమును మెల్యుసీనునకు నిరాకరించుటకు కారణ మేమున్నది?

జలస్త్రీలకు ఆత్మ లేదను సిద్ధాంతమును ప్రచారము చేసినవారు పండితులు. పారసెల్సస్ అను వైద్యుని రచన యొకటి, ఆయన మరణించిన పిదప, 1566లో అచ్చయినది. అందు జలస్త్రీలు ఆత్మ లేనివారనియు, మానవుని పెండ్లాడినచో వారికి ఆత్మ లభించుననియు చెప్పబడినది. దీని నాధారము చేసికొని జర్మను రచయిత ఫూకే 1811లో "ఉండీన్" అను కథను వ్రాసెను. పెండ్లివలన ఉండీనునకు ఆత్మ లభించినది. దానితోపాటు దుఃఖమును లభించినది. భర్త నదిపై పడవలో ఆమెను దూషించి పోగొట్టుకొని, వేఱొకతెను పెండ్లాడి, తుదకు ఉండీన్ కౌగిటిలోనే ప్రాణము విడిచెను. ఆత్మను ప్రసాదించినవాడు తన యాత్మను కాపాడుకొనలేకపోయెను! స్త్రీ తనంతట తాను శూన్యమనియు, పురుషుని చేయి తగిలినగాని ఆమెకు ఆత్మ రాదనియు చెప్పు నీ సిద్ధాంతమును ఫూకే కథయే చక్కగా ఖండించుచున్నది.

ఇక ఆండర్సన్ మాట. ఈ సిద్ధాంతము ఆయనకు రుచింపలేదు. 1837 ఫిబ్రవరిలో ఇంగెమన్ అను కవిమిత్రునికి వ్రాసిన లేఖలో, ఫూకే వలె తాను మత్స్యకన్యయొక్క ఆత్మను పరుని ప్రేమపై ఆధారపడనీయలేదనియు, అట్లు చేయుట తప్పనియు ఆయన స్పష్టముగా తెలిపెను. కథలో మత్స్యకన్య అవ్వ మాత్రము పాత సిద్ధాంతమునే చెప్పును: మత్స్యజాతి మూడువందల యేండ్లు బ్రదికి నురుగై పోవుననియు, మానవు డొకడు ప్రేమించి పెండ్లాడినగాని శాశ్వతమైన ఆత్మ దొరకదనియు. కథ ముగియునప్పటికి అవ్వ మాట అబద్ధమగును. రాజకుమారుడు వేఱొకతెను పెండ్లాడును; అయినను మత్స్యకన్య నురుగై నశింపక, వాయుకన్యలలో చేరి, స్వకీయమైన సత్కార్యములచేత ఆత్మను సంపాదించు మార్గమును పొందును. పురుషుని ప్రేమ దొరకకపోయినను స్త్రీకి గతి కలదని రచయిత చెప్పగా, పురుషుని ప్రేమకై సర్వము నర్పించుటయే స్త్రీకి గతి యని మనవారు చదువుచున్నారు. రచయిత కొట్టివేసిన మాటనే వీరు నీతిగా గ్రహించిరి.

మఱియు నా కన్య చేసిన పనులు రెండు కలవు, వానిని కలుపరాదు. మొదటిది నాలుకను కోసి యిచ్చుట. రెండవది తుదిరాత్రి కత్తిని సముద్రములో పాఱవేయుట. ఆమె యక్కలు తమ జుట్టును మంత్రగత్తె కిచ్చి యొక కత్తిని తెచ్చిరి. దానితో రాజకుమారుని చంపినచో ఆమె మరల మత్స్యరూపము పొంది బ్రదుకును. ఆమె చంపక, తానే సముద్రములో దూకినది. ఈ రెండవ పని దయ. దీనికి మేమును నమస్కరింతుము, ఆండర్సన్ ఫలము నిచ్చినదియు దీనికే. మొదటి పని వలన ఏమి ఫలము కలిగినది? ఓడ మునిగిననాడు రాజకుమారుని రక్షించిన దామెయే. ఆ మాట చెప్పుటకు ఆమెకు నాలుక లేదు. అతడు తన్ను వేఱొక కన్య రక్షించినదని భ్రమించి, ఆ పోలిక గల రాజపుత్రికను పెండ్లాడెను. ఈ మూగపిల్లను అతడు ముద్దుగా చూచి, తన గదివాకిట మఖమలుదిండుపై పండుకొన ననుమతించెను! పెంపుడు జంతువునకిచ్చు గౌరవమునకు మించి దీనిలో ఏమున్నది? ఆమె మౌనమువలన ఆమె చెడినది. అతడును జీవితాంతము అసత్యములో నుండిపోయెను. మౌనము ఇరువురిలో నొక్కరికిని మేలు చేయలేదు. దీనిని త్యాగమని పొగడుట త్యాగమను మాటను అవమానించుటయే.

ఆండర్సన్ యందు దోషము లేదని మేమనము. తుదిని ఆయన తగిలించిన షరతు మాకు రుచింపదు. వాయుకన్యలు మంచిబిడ్డను చూచి సంతోషించినచో వారి గడువున నొక యేడు తగ్గునట. తుంటరి బిడ్డను చూచి కార్చిన ప్రతి కన్నీటిబొట్టునకు నొక దినము పెరుగునట. సొంత సత్కార్యములచేత ముక్తి యని చెప్పిన నోటితోనే, ఆ ముక్తిని పరుల బిడ్డల నడవడిపై కట్టివేయుట యెట్లు పొసగును? పసివానిని బెదరించుటకు ఒక దుఃఖితురాలి కన్నీటిని సాధనము చేసికొనుట ఉచితము కాదు.

తరువాతి వారు ఈ కథను మార్చిన తీరును చూడుడు. 1901లో ప్రాగ్ నగరమున ప్రదర్శింపబడిన డ్వోర్జాక్ గారి "రుసాల్కా" యను సంగీతనాటకములో జలకన్య మూగదై రాజకుమారుని చేరును. అతడు ఆమె మౌనమునకును చల్లదనమునకును విసిగి వేఱొక రాజపుత్రికవైపు మరలును. నాలుక వెలయిచ్చి కొన్న ప్రేమ నాలుక లేకపోవుటచేతనే చెడినది! 1989లో డిస్నీ సంస్థ తీసిన చలనచిత్రములో కన్యకు గొంతు మరల దొరకును, పెండ్లియు జరుగును. గొంతు తిరిగి యిచ్చినందులకు మేము సంతోషింతుము. కాని ఆత్మను గూర్చిన విచారణ యంతయు అందు లోపించినది. ఆండర్సన్ ఆవశ్యకము కాదన్న పెండ్లియే ముగింపైనది.

1837లో డెన్మార్కు దేశమున పెండ్లికాని స్త్రీ ఎంత వయస్సు వచ్చినను చట్టము దృష్టిలో మైనరే. ఇరువదియైదేండ్లు నిండిన అవివాహితలకు స్వాతంత్ర్యము నిచ్చిన చట్టము 1857లో వచ్చినది. 1913లో కోపెన్‌హేగన్ రేవున ఎడ్వర్డ్ ఎరిక్సన్ చేసిన మత్స్యకన్య కంచువిగ్రహమును నిలిపిరి. ఆ మూగకన్యను రాతిపై కూర్చుండబెట్టిన రెండేండ్లకు, 1915లో, ఆ దేశపు స్త్రీలు పార్లమెంటు ఎన్నికలలో వోటుహక్కును సంపాదించిరి. విగ్రహముయొక్క తలను దుండగులు 1964లోను, మరల 1998లోను నఱికి కొనిపోయిరి. మొదటిమారు క్రొత్త తలను, రెండవమారు మరల దొరకిన తలనే అతికిరి. కంచునకు తల నతుకవచ్చును. బాల్యమునుండి నోరు మూయబడిన బిడ్డకు మాట నతుకుట అంత సులభము కాదు.

"కథ కేవలము వినోదము కొఱకే, దీనికింత తర్క మేల?" అనువారు కలరు. కథ చివర నీతిని తగిలించినవారు మేము కాము. నాలుక లేనితనమును గుణమని పొగడిన పెద్దలే తగిలించిరి. దానిని విప్పుట మా పని. "అట్లయిన ఈ కథలను మానిపింపుడు" అని వేఱొకరు తొందరపడుదురు. అదియు మాకు సమ్మతము కాదు. కథను దాచిపెట్టుట, చర్మమును పెట్టెలో పెట్టి తాళము వేయుట వంటిదే. అన్ని కథలను చెప్పుడు. చిన్న మత్స్యకన్య కథ చెప్పిననాడే సీలుస్త్రీ కథను, మెల్యుసీన్ కథను చెప్పుడు. చెప్పిన పిదప నీతిని మీరు పలుకక, బిడ్డను అడుగుడు: ఎవరి సొత్తును ఎవరు తీసికొనిరి? మాట యిచ్చి తప్పిన దెవరు? ఆ కన్యకు నాలుక యుండినచో కథ ఎట్లు నడచి యుండెడిది? పదియేండ్ల పిల్ల యీ ప్రశ్నలకు సమాధానము చెప్పగలదు.

దీనిని మేము చిన్న విషయముగా తలంపము. మన దేశమున వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. గృహహింసనుండి స్త్రీలను రక్షించు చట్టము 2005లో వచ్చినది. ఈ చట్టములు స్త్రీ మొరను వినుటకు ఏర్పడినవి. అత్తవారింట బాధపడు కూతురు పుట్టింటివారితోనైన ఒక్క మాట చెప్పకుండ దినములు గడుపుచున్నదన్నచో, ఆ మౌనమును ఆమెకు నేర్పినవారు అత్తవారు మాత్రమే కారు. ఉయ్యాలనాటినుండి "నోటిలో నాలుక లేని పిల్ల" యని ముద్దాడిన మనమును నేర్పితిమి. మంత్రగత్తె కత్తి సముద్రగర్భముననే యున్నదని తలపకుడు. కావున పెండ్లిచూపులలో ఆ మాటను పొగడ్తగా వాడుట మానుడు. వాడినవారిని అక్కడనే వారింపుడు. కూతురు ఎదురు మాట పలికిననాడు కసరుకొనక, చెప్పనిచ్చి వినుడు. ఇంట విని యాదరింపబడిన మాటయే రేపు ఆమెకు ఆపదలో నోట వచ్చును.